గ్రీజు పెట్టరాదు

అరవై దాటిన ఆడది బిలాస్‌పూర్ పక్క సిర్గిట్టిలో ఒక వర్క్‌షాపు నేల మీద గోనెపట్టా పరుచుకుని జీపు కిందికి దూరితే చూసేవాళ్లకి నవ్వు రాక ఏమవుతుంది? సాహూ మిస్త్రీ దగ్గర పనిచేసేవాళ్లు బాగానే నవ్వుకున్నారు. మా తమ్ముడి కొడుకు రోహిత్ మాత్రం నవ్వలేదు. "బువా, రెహనే దో, బట్టలు పాడైపోతాయి" అని నా చెయ్యి పట్టుకున్నాడు. అత్తా అని పిలవడం వాడికి రాదు. తెలుగు మాట్లాడితే అర్థం చేసుకుంటాడు, జవాబు హిందీలో ఇస్తాడు, అక్షరాలంటే అసలే పడవు. తెలుగు అక్షరాలు వచ్చినవాళ్లు ఆ వర్క్‌షాపులో నేనొక్కదాన్నే కాబట్టి నేనే దూరాల్సి వచ్చింది.

జీపు మా నాన్నది. రిటైరయ్యాక ఆయన కట్టుకున్న ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఇరవై ఏళ్లుగా పడి ఉంది. రోహిత్‌కి సెలవొస్తే స్నేహితులతో కలిసి అచానక్‌మార్ వైపు అడవి దారులు పట్టి తిరగడం సరదా. కొత్త బళ్లు వాడికి ఆనవట, తాత జీపే కావాలట. ఇంజను నెల రోజుల్లో దారికొచ్చింది. నడిపి చూస్తే అడుగునుంచి ఒకటే టకటకలు, స్టీరింగు ఒకవైపు తిప్పితే బండి ఇంకో వైపు చూస్తోంది. బుష్షులు పోయాయి, అన్నీ మార్చాలన్నాడు సాహూ.

బుష్షంటే పెద్ద వస్తువేం కాదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే ఎంతో, అంత. జీపు బరువంతా చక్రాల దగ్గరుండే కమాను కట్టల మీద ఉంటుంది. ఆ కట్ట చివర గుండ్రంగా చుట్టిన కన్నులో ఈ రబ్బరు ముక్క కూర్చుంటుంది, దాని మధ్యలోంచి బోల్టు పోతుంది. ఇనుమూ ఇనుమూ ఒరుసుకోకుండా మధ్యలో ఉండి దెబ్బలు తినడమే దాని పని. ఎంతకాలం తింటుందో అంతకాలం బండిలో కూర్చున్నవాళ్లకి అదొకటి ఉందన్న సంగతే తెలియదు.

సాహూ పాతవి కొట్టి బయటికి తీసి నా ముందు వరసగా పెట్టాడు. ఎండిపోయి, బీటలు తీసి, చెక్కలా గట్టిపడి ఉన్నాయి. "వేసినవాడెవడో గానీ పని తెలిసినవాడు అమ్మాజీ. ఒక్క చుక్క గ్రీజు తగల్లేదు" అన్నాడు హిందీలో.

"అదేం మాట? మా నాన్నే వేశాడు. ఆయన ప్రతి ఆదివారం గ్రీజు పెట్టేవాడు" అన్నాను.

"పెట్టలేదు. గ్రీజు తగిలిన రబ్బరు ఉబ్బిపోయి, మెత్తబడి చస్తుంది. ఇది చూడండి. ఇది ముసలితనం వచ్చి చచ్చింది."

అని కిరసనాయిలు గుడ్డతో కమాను పైనున్న ఛాసిస్ ఇనుము తుడిచాడు. మట్టి కింద నుంచి తెల్లరంగు గీతలు బయటపడ్డాయి. ఇదేదో మీ ఆంధ్రావాళ్ల రాతలా ఉందన్నాడు. రోహిత్ తల వంచి, ఫోను వెలుతురులో, "గ... రీ..." అని రెండు అక్షరాలు కూడబలుక్కుని వదిలేశాడు. అప్పుడు దూరాను నేను. మా నాన్న చేతిరాత, కుంచెతో నిలబెట్టి రాసిన పెద్దక్షరాలు. "గ్రీజు పెట్టరాదు." మిగిలిన మూడు చోట్లా తుడిపించాను. నాలుగు కమానుల దగ్గరా అదే మాట. ఎంతసేపు అలా పడుకుని ఉండిపోయానో తెలియదు. రోహిత్ నా కాళ్లు పట్టుకుని కదిపి చూశాడు.

మా నాన్న అప్పారావు బిలాస్‌పూర్ స్టీమ్ షెడ్డులో ఫిట్టరు. విజయనగరం దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదో ఏట ఖలాసీగా వచ్చి, ఇంజన్ల కింద పడుకుని పని నేర్చుకున్నాడు. ఆయన డ్యూటీ దిగి వస్తుంటే మనిషికన్నా ముందు వాసన వచ్చేది. బొగ్గు, ఆవిరి, పాత నూనె కలిసిన వాసన. క్వార్టరు పెరట్లో రంపపు పొట్టూ కిరసనాయిలూ కలిపి మోచేతుల దాకా రుద్దుకుని, ఆ పైన ఎర్రసబ్బు పట్టించి, అప్పుడు గాని అమ్మ పెట్టిన చోడి అంబలి గిన్నె ముట్టుకునేవాడు కాదు. అంత చేసినా ఆయన పట్టుకున్న గ్లాసు అంచుకి నల్లటి వేలి ముద్ర ఉండేది. ఆ గ్లాసు మేమెవరం వాడేవాళ్లం కాదు.

మా నాన్నకి దేవుడున్నాడో లేడో చెప్పలేను గానీ, గ్రీజు మాత్రం ఉంది. వనస్పతి డబ్బాలో పసుపుపచ్చని గ్రీజు ముద్ద ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. తలుపు బందులకి పెట్టేవాడు, నూతి గిలకకి పెట్టేవాడు, సైకిలు సరేసరి. ఒకసారి అమ్మ లేనప్పుడు తిరగలి ఇరుసుకి కూడా పెట్టాడు. "ఏటండీ ఇది, పిండంతా మీ షెడ్డు కంపు కొడతన్నాది" అని అమ్మ వారం రోజులు సాధించింది. తలుపు కిర్రుమనే చప్పుడు నేను పెళ్లయి వేరే ఇంటికి వెళ్లాకే విన్నాను. ఆయన్ని అనడానికేం లేదు. ఇంజన్లకి ఉండేవి ఇత్తడి బుష్షులు. పూట గ్రీజు తప్పితే ఎర్రగా కాలిపోతాయి. ఆ చెయ్యి అక్కడ నేర్చుకున్నది, దానికి తెలిసిన మంచితనం అదొక్కటే.

ఆయన మాట్లాడడం తక్కువ, రాయడం ఎక్కువ. రైల్వేలో ప్రతి ఇనుప వస్తువు మీదా తెల్లరంగుతో ఏదో ఒకటి రాసి ఉంటుంది. వ్యాగను పక్కన నిలబడి చూడండి, మళ్లీ షెడ్డుకి ఎప్పుడు రావాలో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో, అన్నీ దాని ఒంటి మీదే ఉంటాయి. ఆ అలవాటు ఇంటికి తెచ్చుకున్నాడు. బిందె మీద "తాగే నీళ్లు", ట్రంకు పెట్టె మీద "చలికాలం బట్టలు", తమ్ముడు పడిపోయిన మెట్టు మీద "చూసి దిగవలెను". ఆయన చదువు మూడో తరగతి తెలుగు. మా నలుగురిలో అది చదవగలిగినవాళ్లం ముగ్గురమే, ఆయన, అమ్మ, నేను. తమ్ముడు చిన్నప్పటి నుంచీ హిందీ బడిలోనే చదివాడు.

జీపు అడవి శాఖ వాళ్ల వేలంలో కొన్నాడు. ఫిట్టరుకి జీపేమిటని కాలనీ అంతా నవ్వింది. ఆదివారం మాంసం కూర తిని, లుంగీ పైకి మడిచి, మధ్యాహ్నమంతా దాని కింద గడిపేవాడు. పానా అందించడానికి నన్ను పిలిచేవాడు. తమ్ముణ్ణి కాదు, నన్ను. "నీ సెయ్యి నిదానం అమ్మీ" అనేవాడు. అంతకు మించి ఆయన నన్ను మెచ్చుకున్న మాట నాకు గుర్తు లేదు, ఆ ఒక్క మాట కోసం ఎండలో కూర్చునేదాన్ని.

ఇక సింహాచలం మావయ్య. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. అమ్మమ్మ పోయాక మా క్వార్టరుకి వచ్చేసి, సిర్గిట్టిలో లారీల వర్క్‌షాపులో పనికి కుదిరాడు. రాత్రి వరండాలో మడత మంచం, పొద్దున్న నలుగురికన్నా ముందు స్నానం, నోరంతా తెరిచి నవ్వడం. వ్యాపార్ విహార్ బజారులో సామాను తేవడానికి వెళ్తే తమ్ముడికీ నాకూ ఏదో ఒకటి కట్టించుకు రాకుండా వచ్చేవాడు కాదు. అక్కని అప్ప అనడం మా వైపు మాట, అప్పా అప్పా అని అమ్మ చుట్టూ తిరిగేవాడు. షెడ్డులో ఖలాసీగా పెట్టించడానికి నాన్న ఫోర్‌మన్‌తో మాట్లాడి మాట తీసుకున్నాడు. ఆ ఊళ్లో మాకు నాన్న మాటే పలుకుబడి, అంతకు మించి ఏమీ లేదు.

ఉద్యోగం ఆర్డరు రాగానే మావయ్యకీ నాకూ పెళ్లి. ఇది అమ్మ నిర్ణయం. నాకప్పుడు పద్దెనిమిది. రైల్వే ఆసుపత్రిలో తెల్లబట్టల్లో టకటకా నడిచే నర్సుల్ని చూసి, నేనూ అలా నడవాలని లోపల లోపల అనుకునేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి చెప్పాను. "సొంత మేనమామ ఇంట్లో ఉండగా నర్సేటే, ఊరోళ్ల మలమూత్రాలు ఎత్తుతావా?" అని అమ్మ రెండు రోజులు అన్నం మానేసింది. మూడో రోజు నేనే వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాను. మావయ్య అంటే నాకు అసహ్యం లేదు. అది ఉన్నా బాగుండేది, ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక సాకు దొరికేది.

జీపుకి మొదట్లో ఉన్నవి ఇనప బుష్షులు. వాటికి గ్రీజు కావాలి, నాన్నకి పెట్టడం కావాలి, ఇద్దరికీ కుదిరింది. అవి అరిగిపోయాక మావయ్య తన వర్క్‌షాపులో చూసి నేర్చుకున్న కొత్త పద్ధతిలో రబ్బరు బుష్షులు వేశాడు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. సబ్బునీళ్ల గ్లాసు పట్టుకుని పక్కన కూర్చున్నది నేను. కొత్త రబ్బరు సబ్బునీళ్లలో ముంచి, కమాను కంట్లోకి బొటనవేళ్లతో తోసి, పైన చెక్క పెట్టి సుత్తితో తట్టాడు. బోల్టులు సగమే బిగించి బండిని కిందికి దింపి, బరువు చక్రాల మీద పడ్డాక అప్పుడు పూర్తిగా బిగించాడు. ఎందుకని అడిగితే, "గాలిలో ఉన్నప్పుడు బిగించీసినామనుకో, దింపగానే రబ్బరు మెలిపడిపోద్ది గుంటా. ఆ మెలి దానికి పేణం తీసీదాకా వదల్దు" అన్నాడు.

సాయంత్రం నాన్న ఒక చుట్టు తిప్పి వచ్చాడు. చప్పుడు లేదు. "నోరు మూసుకున్నాదిరా నీ బావ జీపు" అని మావయ్య వీపు మీద ఒక చరుపు చరిచాడు. అంతవరకూ బాగుంది. ఆదివారం వచ్చింది. నాన్న వనస్పతి డబ్బా తీసుకుని జీపు కిందికి దూరి, వేళ్లతో ఆ రబ్బరు చుట్టూ గ్రీజు మెత్తడం మొదలుపెట్టాడు. మావయ్య వరండాలో నిలబడి చూస్తున్నాడు.

ఆ తరవాత కుళాయి దగ్గర నన్ను పట్టుకున్నాడు. "గుంటా, బావకి నువ్వు సెప్పీయ్. ఆ రబ్బరుకి గ్రీజు పడదు, కుళ్లిపోద్ది. నాను సెప్పినాననుకో, మూడు పూటలా నా కూడు తింటా నాకే పని నేర్పుతున్నాడంటాడు. నువ్వయితే నవ్వీసి ఊరుకుంటాడు."

పెద్దవాళ్ల ముఖాన అనలేని మాట పిల్లల చేత పంపడం మా ఇళ్లలో అందరూ చేసే పనే. ముఖ్యంగా బావ ఇంట్లో ఉంటున్న బావమరిది బావ పనికి వంక పెట్టకూడదు. పైగా షెడ్డులో పేరున్న ఫిట్టరు. సరే చెప్తానన్నాను. మొదటి వారం మరిచిపోయాను. ఇది నిజంగానే మరుపు. రెండో ఆదివారం నాన్న డబ్బా తీయమంటే గుర్తొచ్చింది. "నీ సెయ్యి నిదానం" అన్న మనిషికి నీ చెయ్యి తప్పు చేస్తోందని చెప్పడానికి నోరు రాలేదు. మూడో వారానికి అది చెప్పీ చెప్పకపోయినా పరవాలేని మాటగా అనిపించింది. డబ్బా మూత తీసి అందించాను.

కొన్ని నెలలకి ఫోర్‌మన్ కుటుంబాన్ని రతన్‌పూర్ గుడికి జీపులో తీసుకెళ్లాడు నాన్న. మావయ్య ఆర్డరు ఆ వారంలోనే రావాల్సి ఉంది. తిరిగి వస్తుంటే ఎడమవైపు ముందు కమాను బోల్టు తెగి, జీపు ఒరిగి కాలవలోకి దిగిపోయింది. ఫోర్‌మన్ గారి భార్యకి మణికట్టు విరిగింది. ఆ మనిషి నాన్నని ఒక్క మాట కూడా అనలేదట. భార్యని తీసుకుని వేరే బండిలో వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే మా నాన్న కోపం అక్కడే తీరేదేమో.

జీపుని తాళ్లతో లాగించి క్వార్టరు ముందుకి తెచ్చేసరికి సాయంత్రం టీల వేళ. చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్లంతా చేరారు. నాన్న విరిగిన చోట వేలు పెట్టి బుష్షు బయటికి లాగాడు. అది నానిన రొట్టెముక్కలా చేతిలోకి ఊడి వచ్చింది. "సూడండి, ఆరు నెల్లు కాలేదు. కొత్త రబ్బరు ఇలాగుంటాదేటి? కొత్తయంటూ నా కాడ డబ్బులట్టుకుని, ఎక్కడో లారీలోంచి పీకిన పాతయి ఎట్టీసినాడు" అన్నాడు.

మావయ్య అప్పుడే పని నుంచి వచ్చాడు. "కొత్తవే బావా. గ్రీజు వల్ల అలాగయినాయి. పెట్టొద్దని గౌరి చేత సెప్పించినాను కదా" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. నాన్న ఆ ముద్ద చేతిలో పట్టుకునే నా దగ్గరికి వచ్చాడు. "అమ్మీ, ఆ రోజు నువ్వక్కడున్నావు. కొత్తయి ఏసినాడా, పాతయా? గ్రీజు మాటేదైనా నీకు సెప్పినాడా?"

నాన్నంటే నాకు భయం ఉంది. కాదనను. కానీ ఆ క్షణంలో నాకు కనిపించింది ఆయన ముఖం కాదు. మావయ్య ఇంట్లోంచి వెళ్లిపోతే ఏమవుతుందన్నది నాకు చాలా స్పష్టంగా, పద్దెనిమిదేళ్ల బుర్రకి ఉండకూడనంత స్పష్టంగా తట్టింది. ఆర్డరు ఉండదు. పెళ్లి ఉండదు.

"నాకేటీ సెప్పలేదు నాన్నా. నాను సూడలేదు" అన్నాను.

మావయ్య నన్ను చూశాడు. గట్టిగా అడిగి ఉంటే, ఒట్టు వెయ్యమని ఉంటే, నేను ఏడ్చేసి నిజం చెప్పేదాన్నని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఆయన అడగలేదు. నాన్న వైపు తిరిగి, "దాన్నేటీ అడక్కు బావా. పాతయే ఏసినాను. తప్పయిపోనాది" అన్నాడు.

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది. కూతురు అబద్ధం ఆడదు, తమ్ముడు తన నోటితోనే ఒప్పుకున్నాడు, ఇంక ఆవిడకి నమ్మక తప్పే దారేది? నాన్న వెళ్లి ఫోర్‌మన్‌కి చేసిన సిఫారసు వెనక్కి తీసుకున్నాడు. నన్నే మోసం చేసినవాడి పక్కన నా పేరు ఉండదన్నాడట. మావయ్య మర్నాడు పొద్దున్నే పానాల సంచి భుజాన వేసుకుని తఖత్‌పూర్ బస్సెక్కాడు. అక్కడ ట్రాక్టర్ల పని దొరికిందని, ఆ తరవాత అక్కడి పిల్లనే చేసుకున్నాడని వాళ్లూ వీళ్లూ చెప్పగా విన్నాం.

తఖత్‌పూర్ ఎంత దూరం? బస్సులో గంట. మా అమ్మ నాన్నకిచ్చే రైల్వే పాసు మీద విజయనగరం వెళ్లింది, పూరీ వెళ్లింది, కలకత్తా చూసింది. తఖత్‌పూర్‌కి రైలు లేదు. రైలు లేదు కాబట్టి వెళ్లలేదన్నట్టు అందరం నడుచుకున్నాం. రాఖీ కట్టడం మాకు ఊరి ఆచారం కాదు, ఇక్కడి పక్కింటివాళ్లని చూసి అమ్మ నేర్చుకుని, ఏటా మావయ్యకి కట్టేది. ఆ ఏడాది నుంచి రాఖీ పండగ నాడు వీధి తలుపు వేసుకుని, పనేమీ లేకపోయినా బియ్యం చేటలో పోసుకుని ఏరుతూ కూర్చునేది. "మొగుడి దగ్గిర నా తల దించీసినాడే, ఎక్కడ తక్కువ సేసినాను ఆడికి?" అని నన్ను అడిగేది. నేను బియ్యంలో రాళ్లు వెతికేదాన్ని. నర్సు ట్రైనింగుకి ఈసారి ఆవిడే వెళ్లమంది. సొంతవాళ్లని చూశాం కదా, పైవాళ్లేం చేస్తారో చూద్దాం అంది.

నాన్న జీపుకి మళ్లీ రబ్బరు బుష్షులే వేయించాడు. అప్పటికి నేను ట్రైనింగు హాస్టల్లో ఉన్నాను. సెలవులకి వచ్చినప్పుడు గమనించిన సంగతి ఒకటుంది. ఆదివారం జీపు కింద పని ఉన్నా నన్ను పిలవడం మానేశాడు. కావలసిన పానా తానే పాక్కుంటూ వచ్చి తీసుకునేవాడు. ఎదిగిన పిల్లని ఎండలో ఎందుకు కూర్చోపెట్టడం అనుకున్నాడని నేను అనుకున్నాను. మాటలు తగ్గాయి. నా పెళ్లికి, నా కాన్పులకి, అన్నిటికీ చేయవలసినదంతా చేశాడు. అరగంటైనా నా ఎదురుగా కూర్చోలేదు. పోయేదాకా మావయ్య పేరు ఎత్తలేదు.

సిర్గిట్టి నేల మీద పడుకుని నేను లెక్క వేసుకున్నది ఇదే. ఆయన వేయించినవి కూడా కుళ్లి ఉంటాయి. అప్పుడు తెలిసి, మూడోసారి తనే వేసి, గ్రీజు తగలనివ్వకుండా ఆ మాట రాసి ఉంటాడు. గ్రీజు మాట నిజమైతే బావమరిది మాట నిజం, బావమరిది మాట నిజమైతే కూతురి మాట అబద్ధం. అంతా తెలిసి కూడా ఆ పెద్దమనిషి బస్సెక్కి తఖత్‌పూర్ వెళ్లలేదు, అమ్మని పిలిచి చెప్పలేదు, నా చెంప పగలగొట్టలేదు. ఒప్పుకోవలసినదంతా కుంచెతో ఛాసిస్ అడుగున రాసి, మట్టి కప్పే చోట వదిలేశాడు. అమ్మ జీపు కిందికి ఎందుకు వంగుతుంది? ఆ రాత నేను చదవాలని రాశాడో, తనకి తాను చెప్పుకోవడానికి రాశాడో ఇప్పుడెవరిని అడగను? నాకు దుఃఖం రాలేదు. కోపం వచ్చింది. నలభై ఏళ్లు పైగా నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్న బరువు, పక్క గదిలో ఆయన కూడా మోస్తూ, ఒక్క పూటైనా కలిసి మోద్దామనలేదు. రెండు నోళ్లు మూసుకుంటే ఒక ఆడమనిషి తమ్ముడు దొంగైపోయాడు. ఈ కాలం పిల్లలు కడుపులో ఒక్క మాట దాచుకోరని మేం తెగ విసుక్కుంటాం. మా కాలం దాచుకున్నవి ఏం ఉద్ధరించాయో మాత్రం ఎవరికీ చెప్పం.

బుష్షులు మారాక, ట్రయల్‌కి ఎటు పోదాం బువా అన్నాడు రోహిత్. తఖత్‌పూర్ పోనియ్యమన్నాను.

రోడ్డు పక్కనే షాపు. లోపల కొడుకు ట్రాక్టరు విప్పుతున్నాడు, బయట రేకు కింద ప్లాస్టిక్ కుర్చీలో మావయ్య. అమ్మ పోయినప్పుడు దూరం నుంచి చూశాను. తిన్నగా ఘాట్‌కి వచ్చి, ఒక కట్టె వేసి, అట్నుంచి అటే వెళ్లిపోయాడు. ఇప్పుడు దగ్గర నుంచి చూస్తే జుట్టంతా తెల్లబడి, నవ్వు మాత్రం అదే. నాకన్నా ముందు జీపుని గుర్తుపట్టాడు. తరవాత నన్ను.

"గౌరివి కాదేటి? ముసిల్దానివైపోనావే!" అని లేచి నిలబడ్డాడు. కొడుకుని కేకేసి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. రోహిత్ భుజం తట్టి, "తాత పోలికే" అన్నాడు. జీపు అడుగున ఉన్న ఆ రాతకి తీసిన ఫొటో ఫోనులో చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని అక్షరం అక్షరం చదివాడు.

"బావ రాతే. అచ్ఛా... తెలిసిందన్నమాట." ముఖం విప్పారింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మంచి పనోడే. పంతం గానీ."

"మావయ్యా, ఆ రోజు నువ్వు నాతో చెప్పావు. నేను నాన్నతో అనలేదు. తరవాత కూడా అబద్ధమాడాను."

"నాకు తెల్దేటే అది? నాన్నంటే బెదురు నీకు. అంతమందిలో ఆడపిల్లవి ఏటి సెప్తావు? నిన్ను ఇంకా పీడిస్తారని కదా నా మీద ఏసుకున్నాను. ఎన్నేళ్లయిపోనాది, తాగు, టీ సల్లారిపోతన్నాది."

అక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది. క్షమాపణ నేను అడగకముందే వచ్చేసింది, తీసుకుని లేస్తే చాలు. కానీ నాన్న మీద వచ్చిన కోపం ఇంకా ఆరలేదు. ఆయనలా సగం రాసి సగం మట్టిలో పెట్టడం నాకిష్టం లేకపోయింది.

"బెదిరి కాదు మావయ్యా. నువ్వు వెళ్లిపోతే పెళ్లి తప్పుతుందని."

మావయ్య చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నాను బెదురే అనుకున్నాను ఇన్నాళ్లూ" అన్నాడు. "నాకు ఇష్టం లేదు మావా అని ఒక్క మాట అంటే, ఎల్లిపోనా నాను?"

నేనూ నా గ్లాసు కింద పెట్టాను.

"అప్ప నీ సేతుల్లోనే పోనాదంట కదా" అన్నాడు.

"అవును. మూడు నెలలు మంచం పట్టింది. నేనే చూసుకున్నాను."

"మూడు నెల్లు. పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"అప్పటికైనా సెప్పినావా?"

"లేదు."

మావయ్య తల ఊపాడు. కోప్పడలేదు. షాపుకి వచ్చినవాళ్లతో మాట్లాడే గొంతుతోనే, "మరి నాకెందుకు సెప్తన్నావే? నాను దొంగని కాదని నాకు తెల్దా? తెలియాల్సింది అప్పకి" అన్నాడు.

లేచి, లోపల ట్రాక్టరు దగ్గరికి వెళ్లి కొడుకు చేతిలో పానా తీసుకున్నాడు. మేం బయలుదేరేదాకా మళ్లీ ఇటు తిరగలేదు.